ఏ మిషను మంచిది సిస్టరమ్మా?



డిశ్చార్జి రోజున బిల్లు కట్టి, మందుల చీటీ చేతిలో పట్టుకొని వచ్చిన కొడుకో కూతురో మా నర్సులను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇంట్లో చూసుకోనీకి బి.పి. మిషను కొనమన్నరు. ఏది మంచిది సిస్టరమ్మా? ధర ఎక్కువైనా సరే, అన్నిటికన్న మంచిదే చెప్పండి." తల్లిదండ్రుల మీద ప్రేమతో అడిగే ప్రశ్న ఇది. అయినా మేము వెంటనే ఏ కంపెనీ పేరూ చెప్పము. తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాము. ఇంట్లో దానిని వాడేది ఎవరు? వారికి అంకెలు కనబడతాయా? దాని సామాను అయిపోతే మీ ఊరికి దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది? చాలామంది ఈ మూడింటిని గురించి ఆలోచించకుండానే డబ్బు సిద్ధం చేసుకొని వస్తారు.

కొంతకాలం క్రిందట వనపర్తి వైపు పల్లె నుండి ఒక అవ్వ ఓ.పి.కి వచ్చింది. తువ్వాలలో చుట్టిన ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పూనాలో పని చేసే కొడుకు పంపిన బి.పి. మిషను అది. మణికట్టుకు కట్టుకునేది. సెల్ ఫోనుకు లెక్కలు పంపుతుంది, ఇద్దరి లెక్కలు విడివిడిగా దాచిపెడుతుంది. అవ్వ దగ్గర ఉన్నది మీటల ఫోను. "ఇది నాకు సమజ్ అయితలేదు బిడ్డా. ఒత్తితే కూయ్ కూయ్ అంటది, భయమై బీరువాల పెట్టిన" అన్నది. ఆ రోజు మేము చూస్తే ఆమె రక్తపోటు 190/100 ఉన్నది. తల తిరగడం తగ్గిందని మాత్రలు కూడా ఎప్పుడో ఆపేసింది. కొడుకేమో, ఇంట్లో మిషను ఉంది, అమ్మ చూసుకుంటున్నది అనుకొని నిశ్చింతగా ఉన్నాడు. మిషను మంచిదే, ప్రేమా నిజమే. కాని ఆ రెండూ అవ్వ రక్తపోటును ఒక్కసారి కూడా చూడలేదు.

సౌలు కవచము, దావీదు వడిసెల

ఒకటవ సమూయేలు గ్రంథము 17వ అధ్యాయములోని సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. గొల్యాతు మీదికి వెళ్లబోయే దావీదుకు సౌలు రాజు తన సొంత యుద్ధవస్త్రములు, ఇత్తడి శిరస్త్రాణము, కవచము తొడిగించాడు. రాజుగారి కవచము కన్నా మంచిది ఆ పాళెములో మరొకటి ఉండి ఉండదు. దావీదు వాటిని తొడుక్కొని నడిచి చూశాడు. తనకు అలవాటు లేదని చెప్పి తీసివేశాడు. ఏటిలోని నున్నని రాళ్లు ఐదు ఏరుకొని, చేతికి అలవాటైన వడిసెలతో వెళ్లాడు. మన పాలమూరు జొన్నచేలలో మంచె మీద కూర్చొని పిట్టలు తోలినవారికి వడిసెల గురించి మేము చెప్పనక్కర లేదు.

దావీదు కవచమును తప్పు పట్టలేదు. తొడుక్కొని నడిచి చూసిన తరువాతనే తీసివేశాడు. ఆరోగ్య పరికరాల విషయంలో మేము చెప్పేది కూడా ఇదే. కొనక ముందు, వాడవలసిన మనిషి వాడి చూడాలి. పెట్టె మీద వ్రాసిన గొప్పలు తరువాత చదవవచ్చు.

ముందు మనిషిని చూసినవారు

దీనికి మన తెలంగాణలోనే ఒక మంచి సాక్ష్యం ఉన్నది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు చేనేత కుటుంబంలో పుట్టారు, పెద్దగా చదువుకోలేదు. పోచంపల్లి రకం చీరకు ముందుగా ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ త్రిప్పే పని అది. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఆయన తల్లి లక్ష్మి గారికి భుజాలు, మోచేతులు విపరీతంగా నొప్పి పెట్టేవి. ఆ నొప్పిని చూసి 1992లో మొదలుపెట్టి, ఎన్నో కష్టాలు పడి, 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. తల్లి పేరే పెట్టారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన ముందు తల్లి భుజాన్ని చూశారు, యంత్రం తరువాత వచ్చింది. గద్వాల, రాజోలి, అమరచింత, కొత్తకోటలలో మగ్గం మీద కూర్చొనే మన కుటుంబాలకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

జైపూరు కాలు కథ కూడా ఇటువంటిదే. కాలు పోయినవారికి విదేశాల నమూనాలో చేసిన కృత్రిమ పాదాలు అప్పట్లో కూడా ఉండేవి. కాని అవి బూటు వేసుకొని, కుర్చీలో కూర్చొనేవారికి చేసినవి. మన రైతు చెప్పులు లేకుండా బురదలో నడవాలి, గొంతుకూర్చోవాలి, బాసింపట్టు వేసుకొని అన్నం తినాలి. 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే చేతిపని నిపుణుడు, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి, రబ్బరుతో ఈ పనులన్నిటికి వంగే పాదాన్ని చేశారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ గారు ఆ కాలితోనే తిరిగి నాట్యం చేసి, తన కథతోనే తీసిన తెలుగు సినిమా 'మయూరి'లో నటించడం మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

ఇక మన ఇళ్లలో వాడే పరికరాల సంగతికి వద్దాము.

బి.పి. మిషను

ఇంటి కోసం మోచేతికి పైన, దండకు పట్టీ చుట్టే మిషను మేలు. మణికట్టు మిషను చిన్నదిగా, అందంగా ఉంటుంది. కాని చూసేటప్పుడు మణికట్టు సరిగ్గా గుండె ఎత్తున ఉండాలి. కొంచెం క్రిందికి దిగినా, పైకి పోయినా లెక్క మారిపోతుంది. పెద్ద వయసువారికి ఈ జాగ్రత్త కష్టం.

పాత పాదరసం మిషనే అసలైనదని కొందరు పట్టుబడతారు. అది గొట్టం పెట్టి చప్పుడు వినడం నేర్చుకున్న చెవికి మంచిది, ఇంటికి కాదు. పైగా పాదరసం పగిలి కారితే విషము. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని మన దేశం కూడా 2018లో ఆమోదించింది.

ఒక మీట ఒత్తితే పని చేసేది, అంకెలు పెద్దగా కనబడేది, కరెంటు లేనప్పుడు అంగట్లో దొరికే సెల్లులతో నడిచేది చాలు. ఎన్ని లెక్కలు దాచుకుంటుందన్నది ముఖ్యం కాదు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఆ పని చేస్తాయి.

ముఖ్యమైనది పట్టీ కొలత. దర్జీ టేపుతో దండ చుట్టూ కొలవండి. మిషనుతో వచ్చే మామూలు పట్టీలు చాలావరకు 22 నుండి 32 సెంటీమీటర్ల దండకు సరిపోతాయి. లావుగా ఉన్న దండకు చిన్న పట్టీ చుడితే, లేని బి.పి. ఉన్నట్టు చూపుతుంది. ఎంత ఖరీదైన మిషనైనా పట్టీ సరిపోకపోతే లెక్క తప్పే.

చూసే ముందు 5 నిమిషాలు నిమ్మళంగా కూర్చోవాలి. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, చేయి బల్ల మీద పెట్టుకోవాలి. మాట్లాడకూడదు. టీ, బీడీ, పొగాకు తీసుకొన్న అరగంట వరకు చూడకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ వ్రాసుకోవాలి. గుండె కొట్టుకోవడం క్రమం తప్పినవారిలో ఈ మిషన్ల లెక్క ఒక్కొక్కసారి తప్పుతుంది. అటువంటివారు మమ్మల్ని అడిగి కొనండి.

షుగరు చూసే మిషను

గ్లూకోమీటరు కొనేటప్పుడు అందరూ మిషను ధర చూస్తారు. మిషను కొనేది ఒక్కసారి, స్ట్రిప్పులు కొనేది జీవితమంతా. చాలా చౌకగా వచ్చిన మిషనుకు స్ట్రిప్పులు చాలా ఖరీదు కావచ్చు. హైదరాబాదు నుండి అల్లుడు తెచ్చిన మిషనుకు అచ్చంపేటలోనో అలంపూరులోనో స్ట్రిప్పులు దొరకకపోతే నెల తిరగకముందే అది మూలన పడుతుంది. కాబట్టి ముందుగా మీ ఊరి మందుల దుకాణానికి వెళ్లి, వారు ఎప్పుడూ ఉంచే స్ట్రిప్పులు ఏవో అడగండి. ఆ స్ట్రిప్పులకు సరిపోయే మిషనే కొనండి.

ఏ కంపెనీ లెక్క సరిగ్గా ఉంటుందని కూడా అడుగుతారు. 2013లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగరు 100 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉన్నప్పుడు, నూటికి 95 లెక్కలు ప్రయోగశాల లెక్కకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలు. ఆ ప్రమాణానికి తగిన మిషన్ల మధ్య తేడా కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. అంతకన్నా పెద్ద తప్పులు మన చేతిలోనే జరుగుతాయి. మామిడిపండు తిన్న వేలు కడుక్కోకుండా గుచ్చుకుంటే, ఆ రసంలోని చక్కెర కూడా లెక్కలో కలుస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన వేలి ప్రక్కన గుచ్చుకోవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత వదులుగా పెట్టినా, ఏప్రిల్, మే ఎండలో మోటారు సైకిలు పెట్టెలో ఉంచినా అవి పాడవుతాయి. గడువు తేదీ చూడండి. ఒకరి సూది మరొకరికి వాడవద్దు.

చర్మానికి అతికించి ఫోనులో షుగరు చూసుకునే కొత్త పరికరాలు వచ్చాయి. చిన్నప్పటి నుండి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు, షుగరు ఊరకే పడిపోయేవారికి అవి ఎంతో మేలు చేస్తాయి. కాని మాత్రలతో షుగరు అదుపులో ఉన్న, మామూలు ఫోను వాడే తాతకు ఆ ఖర్చు అవసరం లేదు.

ఇన్సులిన్: మా పొరపాటు కూడా చెబుతాము

ఈ విషయంలో మేము నేర్చుకున్న పాఠాన్ని దాచము. ఇన్సులిన్‌తో ఇంటికి పంపిన ఒక అమ్మకు చీటీ మీద "ఉదయం 20 యూనిట్లు" అని వ్రాశాము. వార్డులో ఎక్కించినది మా నర్సులు, మా సిరంజితో. ఇంట్లో ఏ సిరంజి దొరుకుతుందో మేము అడగలేదు. ఆమెకు వ్రాసినది 100 రకం ఇన్సులిన్. కొడుకు దుకాణంలో ఇన్సులిన్ సిరంజి అడిగితే ఎర్రమూతది ఇచ్చారు. అతడు చీటీలో ఉన్నట్టే 20 గీత వరకు తీసి ఎక్కించాడు. రెండవ రోజు ప్రొద్దున ఆమెను ఆటోలో స్పృహ లేకుండా తెచ్చారు. ఒళ్లంతా చెమట. గ్లూకోజు ఎక్కించాక దేవుని కృపవలన కళ్లు తెరిచింది. ఆ కొడుకు గోడకు ఆనుకొని, "నేను మీరు చెప్పినట్టే చేసిన సిస్టరమ్మా" అన్నాడు. అతడు చెప్పింది నిజం. తప్పు మాదే.

ఎందుకిలా అయిందో అందరూ తెలుసుకోవాలి. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాలలో దొరుకుతుంది. 40 రకం అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దీనికి ఎర్రమూత సిరంజి. 100 రకం అంటే ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు. దీనికి నారింజ రంగు మూత సిరంజి. ఎర్రమూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. అందులో 100 రకం ఇన్సులిన్ తీస్తే లోపలికి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. అది ప్రాణాపాయం. దీనికి తిరగేసి, నారింజ మూత సిరంజిలో 40 రకం ఇన్సులిన్ 20 గీత వరకు తీస్తే, పోయేది 8 యూనిట్లే. షుగరు తగ్గదు, మందు పని చేయడం లేదనుకుంటారు, మోతాదు పెంచుతారు. తరువాత ఎప్పుడో సరైన సిరంజి దొరికిన రోజున ప్రమాదం వస్తుంది.

ఇప్పుడు మేము చీటీ మీద యూనిట్లతోపాటు ఇన్సులిన్ రకం, సిరంజి మూత రంగు కూడా వ్రాస్తున్నాము. ఇంట్లో ఎక్కించే మనిషి మా ఎదుట తన చేతితో, తాను వాడబోయే సిరంజితో మందు తీసి చూపించిన తరువాతనే ఇంటికి పంపుతున్నాము. సీసా మీద 40 అని ఉందా, 100 అని ఉందా, సిరంజి మీద కూడా అదే అంకె ఉందా అని మీరు ప్రతిసారీ చూడండి. గీతలు సన్నగా ఉంటాయి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలలో అద్దాలు తీసుకొన్నవారు వాటిని పెట్టుకొని మరీ చూడండి.

ఇన్సులిన్ పెన్ను మంచిదా అంటే, కొందరికి చాలా మంచిది. తిప్పినప్పుడు వచ్చే టిక్కు టిక్కుమనే చప్పుడు చూపు తగ్గినవారికి కొంత సాయపడుతుంది. కాని ఖర్చు ఎక్కువ. పెన్నులో వేసే మందు మన దగ్గర ఎక్కువగా 100 రకం. అది అయిపోయే వరకు ఆగలేక, సిరంజితో అందులో నుండి ఎప్పుడూ తీయవద్దు. నెలనెలా పెన్ను మందు కొనలేని ఇంటికి, సరిగ్గా నేర్చుకున్న సీసా, సిరంజిలే మంచివి.

ఫ్రిజ్ లేదని ఇన్సులిన్ మానేసినవారిని కూడా చూశాము. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి. వాటిని తెలిసినవారి ఇంట్లోనో మందుల దుకాణంలోనో ఉంచుకోండి. వాడుతున్న ఒక్క సీసాను ఇంట్లో చల్లని చోట సుమారు నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. వేసవిలో రెండు మట్టికుండలు వాడండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను మూత ఉన్న డబ్బాలో ఉంచి చిన్న కుండలో పెట్టాలి. మన జిల్లాల పొడి ఎండలో నీరు బాగా ఆవిరై లోపల చల్లబడుతుంది. ఇసుక ఎండిపోకుండా రోజూ తడపాలి. ఐసు గడ్డకట్టే అరలో మాత్రం ఎన్నడూ పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

షుగరు పడిపోతే చెమట, వణుకు, ఆకలి, మాట తడబాటు కనబడతాయి. మ్రింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. 108కి ఫోను చేయండి.

ఆయాసానికి ఏది?

ఆయాసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నెబులైజరు కొంటామని అడుగుతారు. ఆసుపత్రిలో పొగ వచ్చే మిషను చూసి, అదే బలమైన వైద్యమని అనుకుంటారు. మామూలు ఆయాసానికి, స్పేసరు డబ్బా తగిలించిన ఇన్‌హేలరు సరిగ్గా పీలిస్తే నెబులైజరుతో సమానంగా పని చేస్తుంది. దానికి కరెంటు అక్కరలేదు, బడి సంచిలో పడుతుంది, పత్తి చేనుకు కూడా తీసుకుపోవచ్చు. నెబులైజరు కప్పును రోజూ కడిగి ఆరబెట్టకపోతే దానిలో క్రిములు పెరుగుతాయి. చిన్నపిల్లలకు స్పేసరుకు మాస్కు తగిలించాలి. గొట్టంలో బిళ్ల వేసి పొడి పీల్చే పరికరానికి గట్టిగా పీల్చే ఊపిరి కావాలి. బాగా నీరసించిన ముసలివారికి, చిన్నపిల్లలకు అది చాలదు. అయితే డాక్టరు గారు ఎవరికైనా నెబులైజరే వ్రాస్తే, ఈ వ్యాసం చదివి మానవద్దు.

ఫోను, చెవి మిషను

వినికిడి తగ్గినవారికి చెవి లోపల కనబడకుండా ఇమిడే చిన్న మిషను కొంటారు. వణికే వేళ్లతో దాని బియ్యపు గింజంత తలుపు తీసి సెల్లు మార్చలేక తీసి పెట్టేస్తారు. చెవి వెనుక పెట్టుకునే పెద్దది కనబడినా, వారి చేతికి అందుతుంది. ఫోను సంగతి కూడా అంతే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సుకు మీటల ఫోనుతో చేసినా వస్తుంది. రాత్రి పూట చీకటిలో తడిమి మూడు అంకెలు ఒత్తగలగడమే అవ్వకు ముఖ్యం.

కొనే ముందు అడగవలసినవి

1. రోజూ దీనిని వాడేది ఎవరు? ఆ మనిషిని దుకాణానికి తీసుకువెళ్లారా?
2. అంకెలు, గీతలు వారికి కనబడుతున్నాయా? మీటలు వారి వేళ్లకు అందుతున్నాయా?
3. కరెంటు లేకపోయినా, ఫోను లేకపోయినా పని చేస్తుందా?
4. స్ట్రిప్పులు, సిరంజిలు, సెల్లులు మీ దగ్గరి ఊరిలో దొరుకుతాయా?
5. నెలకు ఎంత ఖర్చు? ఆ ఖర్చు ఏడాది పొడవునా భరించగలరా?
6. చెడిపోతే, అర్థం కాకపోతే ఎవరిని అడగాలి?

ఆరింటికీ జవాబు ఉంటే కొనండి. లేకపోతే ఒక వారం ఆగండి, నష్టం లేదు. ఆ వారం మీ ఊరి ఆశా కార్యకర్తతోనో, ఏ.ఎన్.ఎం.తోనో బి.పి., షుగరు చూపించుకోండి. మిషను లెక్క చూసి మీ అంతట మీరు మందు తగ్గించడం, పెంచడం చేయవద్దు.

పైన చెప్పిన వనపర్తి అవ్వ ఇప్పుడు ఒక్క మీట ఉన్న మిషను వాడుతున్నది. ఏడవ తరగతి చదివే మనుమరాలు ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లే ముందు చూసి నోటు పుస్తకంలో వ్రాస్తుంది. కొడుకు పూనా నుండి ఫోను చేసి ఆ లెక్క అడుగుతాడు. మాత్రలు మళ్లీ వేసుకుంటున్నది.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మీ ఇంట్లోని బి.పి. మిషను, షుగరు మిషను, ఇన్సులిన్, సిరంజి, ఇన్‌హేలరు అన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. బీరువాలో దాచిపెట్టినదైనా సరే, సిగ్గుపడవద్దు. మీ మిషనును మా మిషనుతో సరిచూస్తాము. మీ చేతితోనే మీరు వాడి చూపించండి. ఎక్కడ కష్టమవుతున్నదో కలిసి చూద్దాము.

ప్రభువు మీకును మీ ఇంటివారికిని ఆరోగ్యము దయచేయును గాక.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్